చీర మీద వాటర్‌కలర్ లుక్: ఫ్యాబ్రిక్ పెయింటా, డైయా?

"అక్కా, ఫ్యాబ్రిక్ పెయింట్‌లో నీళ్ళు కలిపి వేస్తే వాటర్‌కలర్‌లా రాదా? డై, సోడా ఇదంతా అవసరమా?" పెయింటింగ్ క్లాసులో కూర్చున్న ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఫోన్లో అడిగేవాళ్ళు వేరే. నా ఓటు ముందే చెప్పేస్తాను: గుడ్డ కాటన్ అయితే రియాక్టివ్ డై, అంటే నూలుతో రసాయన బంధం కట్టుకునే రంగు. అయితే పెయింట్ వేసుకోవడమే మంచిదని నేనే చెప్పి పంపే సందర్భాలూ ఉన్నాయి, వాటి సంగతీ చూద్దాం.

చాలామంది మొదటి పొర చూసి నిర్ణయం తీసుకుంటారు. వీడియోల్లో కనిపించేది అదే: తడి గుడ్డ, దాని మీద ఒక రంగు చుక్క, అది మెల్లగా విచ్చుకోవడం. నిజానికి తడి గుడ్డ మీద ఏ రంగు వేసినా అలాగే విచ్చుకుంటుంది. పలుచన చేసిన పెయింట్ విచ్చుకుంటుంది, డై విచ్చుకుంటుంది, బాటిల్ ఇంకు కూడా విచ్చుకుంటుంది. తేడా తెలిసేది రెండో పొర దగ్గర. కాగితం మీద వాటర్‌కలర్ వేసేవాళ్ళు పసుపు ఆరాక దాని మీద పలుచటి నీలం పోనిస్తారు. కింది పసుపు చెదరదు, పైనుంచి కనిపిస్తూనే ఉంటుంది, కంటికి ఆకుపచ్చ అందుతుంది. రేకుల మీద నీడలు, ఆకుల్లో ఈనెలు, దూరంగా కొండలు అన్నీ ఇలా పొర మీద పొర వేసి తెచ్చేవే. గుడ్డ మీద ఈ పని జరగకపోతే వచ్చేది మరకల డిజైన్. అదీ బాగానే ఉండొచ్చు, కానీ వాటర్‌కలర్ మాత్రం కాదు.

ఉదాహరణకు ఒక మందార రేకు తీసుకుందాం. అడుగున పలుచటి పసుపు, అది ఆరాక మొదలు దగ్గర్నుంచి ఎరుపు.

ఫ్యాబ్రిక్ పెయింట్‌తో ఏమవుతుందంటే, పసుపు ఆరేసరికి దారాల మీద సన్నటి అక్రిలిక్ పొర ఏర్పడుతుంది. పైన వేసిన ఎరుపు నీళ్ళను ఆ పొర లోపలికి పీల్చుకోనివ్వదు. నీళ్ళు కాసేపు నిలబడి, దారి దొరికిన చోట రేకు దాటి పక్కనున్న ఉత్త గుడ్డలోకి పాకుతాయి. రేకు మీద అతుకులు అతుకులుగా ఎరుపు, రేకు బయట గులాబీ మరక. బ్రష్ ఎండగట్టి చిక్కగా వేస్తే ఈ గొడవ ఉండదు, కానీ అప్పుడు అది మామూలు ఫ్యాబ్రిక్ పెయింటింగే. ఇక మూడో పొర వేశామా, ఆ చోట గుడ్డ బిరుసెక్కుతుంది. చీరలో అది కుచ్చిళ్ళ దగ్గర పడిందంటే ఎంత సర్దినా మడత కూర్చోదు.

నీళ్ళు కలపడంలో ఇంకో చిక్కుంది. పెయింట్‌లో రంగు పొడిని గుడ్డకు పట్టి ఉంచేది బైండర్. నీళ్ళు ఎక్కువైతే బైండర్ కూడా పలచబడి, నాలుగు ఉతుకులకే రంగు వెలిసిపోతుంది, రాపిడికి తేలిపోతుంది. అందుకే పలుచన చేయాలంటే నీళ్ళకన్నా మీడియం (రంగు లేని బైండర్) ఎక్కువ వాడాలి. ఫెవిక్రిల్ రంగులు దొరికే ఏ స్టేషనరీ షాపులోనైనా పక్కనే మీడియం బాటిల్ ఉంటుంది. పారదర్శకంగా వస్తుంది, పాకడం మాత్రం తగ్గుతుంది. ఆరాక వెనక వైపు నుంచి ఇస్త్రీ చేసి, రెండు మూడు రోజులు ఉతక్కుండా ఉంచితే చాలు. పని సులువు, కాదనను.

ఇప్పుడు అదే రేకు కాటన్ మీద, రియాక్టివ్ డైతో. మన డై షాపుల్లో వీటిని కోల్డ్ బ్రాండ్ అనీ, ఎం డైలు అనీ అంటారు. 1956లో ఐసీఐ కంపెనీ ప్రోసియాన్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చిన రకం ఇదే. దారం మీద పూతలా కూర్చోకుండా, క్షారం తగిలినప్పుడు నూలుతో రసాయన బంధం కట్టుకుంటుంది. దానికి వేడి అక్కర్లేదు, గది వేడి చాలు. ఆ క్షారం కోసమే గుడ్డను ముందు సోడా యాష్ (సోడియం కార్బొనేట్) నీళ్ళలో పావుగంట, ఇరవై నిమిషాలు నానబెట్టి (లీటరుకు యాభై గ్రాముల దాకా), పిండి ఆరేస్తాం. వంట సోడా వేరు, సోడా యాష్ వేరు. కాటన్‌కి వంట సోడా వేసి డై పట్టలేదంటే తప్పు డైది కాదు.

పసుపు వేసి, కొన్ని గంటలు తడిగా ఉంచి ఆరనిస్తే చాలా భాగం నూలును పట్టేస్తుంది. దాని మీద ఎం 5 బి ఎరుపు పలుచగా, మెత్తటి బ్రష్‌తో, రుద్దకుండా ఒక్క లాగుడులో వేయండి. కింద ఏ పొరా అడ్డం లేదు కాబట్టి గుడ్డ మొదటిసారి ఎలా పీల్చుకుందో ఇప్పుడూ అలాగే పీల్చుకుంటుంది. ఎం 5 బి ఉత్త తెల్ల గుడ్డ మీద రాణీ పింక్ వైపు పోయే రంగు. పసుపు మీద పడేసరికి మందారపు ఎరుపు అవుతుంది, పలచబడిన అంచుల్లో నారింజ. చేత్తో తడిమితే రంగు ఎక్కడ మొదలైందో తెలియదు. ఐదు పొరలు వేసినా మల్‌మల్ మల్‌మల్‌లాగే జారుతుంది. నా లెక్కలో పోటీ ఇక్కడితో ముగిసింది.

కింది రంగు అసలు కదలకూడదనుకుంటే ఇంకో దారి ఉంది: ఒక రాత్రి ఉంచి, కడిగి, మళ్ళీ సోడాలో ముంచి రెండో పొర వేయడం. ఓపిక ఉన్నవాళ్ళకు ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు.

డైకి ఉన్న పేచీలూ చెప్పాలి. కాటన్ మీద డై ఊరికే వేస్తే గుండ్రంగా పాకదు. పడుగు, పేక దారాల వెంట పరుగెత్తి అంచులు గజిబిజి అవుతాయి. దాన్ని ఆపడానికి సోడియం ఆల్జినేట్ కావాలి, సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. చిటికెడు కలిపితే పారే రంగు, ఎక్కువ కలిపితే గీతకు నిలబడే రంగు. రెండు గిన్నెల్లో రెండు చిక్కదనాలు పెట్టుకుంటే పువ్వు ఒకదాంతో, ఈనెలు ఇంకోదాంతో వేసుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్, గంజి లాంటివి వాడొద్దు, డై వాటితోనే కలిసిపోయి గుడ్డకు మిగలదు. బోరు నీళ్ళలో ఆల్జినేట్ ఉండలు కట్టొచ్చు, ఆర్ఓ నీళ్ళు వాడండి. ఉప్పు వేయాలా అని అడుగుతుంటారు. ఉప్పు కావలసింది గుడ్డను బకెట్‌లో ముంచి రంగు అద్దేటప్పుడు. బ్రష్‌తో వేసేదానికి అక్కర్లేదు.

ఇంకోటి, చివరి పొర వేశాక గుడ్డ పన్నెండు గంటలైనా, వీలైతే ఒక రోజంతా తడిగా ఉండాలి. ఆరిపోతే బంధం కట్టుకోవడం అక్కడితో ఆగిపోతుంది. విశాఖ ఉక్కపోతలో ఇది సమస్యే కాదు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో ఫ్యాన్ కింద పెడితే అరగంటలో కరకరలాడుతుంది. పాలిథిన్ కవర్ కప్పండి, రంగు నీళ్ళలో కాస్త యూరియా కలపండి, అది తేమను పట్టి ఉంచుతుంది. యూరియా కెమికల్ షాపులోనే కొనండి. ఎరువుల షాపులో దొరికేది రైతుల కోసం సబ్సిడీ మీద ఇచ్చే వేప పూత యూరియా, దాన్ని ఇలాంటి పనులకు మళ్ళించడం నిబంధనలకు విరుద్ధం.

ఎక్కువమంది భయపడేది కడిగేటప్పుడు. వాటర్‌కలర్ అందమంతా తెల్లగా వదిలిన చోట్లలో ఉంటుంది, తొలి నీళ్ళలో రంగు దిగగానే ఆ తెలుపు పోతుందని టెన్షన్. బకెట్‌లో నానబెట్టకండి. కుళాయి కింద పారే చల్లటి నీళ్ళలో, గుడ్డ విప్పి పట్టుకుని, ముందు సోడా పోయేదాకా కడగాలి. ఆ తర్వాతే బాగా వేడి నీళ్ళు, సబ్బు. సోడా పోయాక తెలుపు మీద లేత మరక కనిపించినా కంగారు పడొద్దు, నూలును పట్టని డై వేడి నీళ్ళకు వదిలేస్తుంది. కడిగిన గుడ్డను తడి ముద్దగా వదిలేసి మాత్రం వెళ్ళకండి.

డై పొడి కలిపేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి. ఆ పొడి ఊపిరిలోకి పోతే కొందరికి అలర్జీ, ఆస్తమా మొదలవుతాయి. వంటింటి గిన్నెలు, స్పూన్లు ఈ పనికి తేవద్దు. ఇంట్లో పసిపిల్లలుండి, పనికి వేరే గది లేకపోతే పెయింట్ వైపు వెళ్ళండని నేనే చెప్తాను.

పట్టు సంగతి వేరు. మొదటి పొర అందంలో పట్టు మీద వేసిన యాసిడ్ డైని (పట్టు, ఉన్ని లాంటివాటికి వాడే డై) ఏదీ కొట్టలేదు. సన్నటి పట్టు మీద చుక్క గుండ్రంగా, మెత్తగా విచ్చుకుంటుంది. తడి మీద నాలుగు కల్లుప్పు రాళ్ళు చల్లితే ఒక్కో రాయి చుట్టూ రంగు నక్షత్రంలా లాక్కుంటుంది. కానీ ఆవిరి పట్టేదాకా ఆ రంగు స్థిరపడదు. పసుపు ఆరింది కదా అని పైన ఎరుపు వేస్తే, ఆ నీళ్ళు కింది పసుపును కరిగించి అంచుకు నెట్టుకుపోతాయి, ఆరాక ముదురు రంగు గీత మిగులుతుంది. దాన్ని డిజైన్‌లో కలుపుకునే నేర్పు ఉన్నవాళ్ళున్నారు. లేదంటే పొరకోసారి ఆవిరి పట్టాలి. ఐదున్నర మీటర్ల చీరను కాగితంలో చుట్టి, ఎక్కడా నీటి చుక్క పడకుండా గంటా రెండు గంటలు ఆవిరి పట్టడం ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో తేలే పని కాదు. ఒక చుక్క పడిందంటే ఆ చోట మరకే. దుపట్టా, స్కార్ఫ్ దాకా పట్టు బాగుంటుంది. చీరకైతే దగ్గర్లో ఆవిరి పట్టి ఇచ్చే డైయింగ్ వాళ్ళుంటేనే మొదలుపెట్టండి.

సహజ రంగులతో కుదరదా అనీ అడుగుతారు. పాకే ఎఫెక్ట్‌కి అవి అంత అనువు కాదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డను కరక్కాయ, గేదె పాలలో ముంచి ఆరబెట్టేది కలం గీత పాకకుండా ఉండటానికే, పాలలోని కొవ్వు రంగును ఆపుతుంది. మనకు కావలసింది సరిగ్గా దానికి తిరగబడ్డ పని. అయినా ఒక చిట్కా అక్కణ్ణుంచి తీసుకోవచ్చు: రంగు ఎంత పాకాలో తేల్చేది సగం గుడ్డ తయారీ. కొత్త కాటన్‌కి ఉన్న గంజి పోయేలా సబ్బు, సోడా యాష్ వేసి ఉడికించకపోతే ఒకచోట పీల్చుకుంటుంది, ఇంకోచోట నిలబడుతుంది. ఇస్త్రీతో సెట్ అయ్యే సిల్క్ పెయింట్లు చిన్న పనులకు ఓకే. ఆల్కహాల్ ఇంకులు ఉతికే బట్టకు పనికిరావు.

ఏది కొనాలన్నా ముందు గుడ్డ ఏమిటో తేల్చుకోండి. షాపులో "సిల్క్" అని ఇచ్చింది పాలిస్టర్ అయితే రియాక్టివ్ డై, యాసిడ్ డై రెండూ నీళ్ళతో పాటు కాలవలోకే. అంచు నుంచి ఒక దారం తీసి కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. కాటన్, విస్కోస్ (రేయాన్) కాగితంలా కాలతాయి. డైయబుల్ జార్జెట్ అని అమ్మేవాటిలో విస్కోస్ ఉంటుంది, దానికి రియాక్టివ్ డై చక్కగా పడుతుంది. పూస కట్టిందంటే పెయింటే దిక్కు.

ఎండ తగిలే కర్టెన్లు, కుషన్ కవర్లకూ పెయింటే నా మాట. లేత డై రంగులు ఎండకు త్వరగా వెలుస్తాయి, పెయింట్‌లోని పిగ్మెంట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. డై వేసిన చీర కూడా నీడలోనే ఆరేయాలి.

ఇక వచ్చే ఆదివారం ఫంక్షన్, చీర మీద నాలుగు పువ్వులు వేయాలి, డై ఎప్పుడూ ముట్టుకోలేదు అంటారా? మీడియం కలిపిన ఫ్యాబ్రిక్ పెయింట్, ఒక్కటే పొర, పల్లూ మీద మాత్రమే. కుచ్చిళ్ళ జోలికి వెళ్ళకండి. టైముంటే మీటరు కాంబ్రిక్ (సన్నటి కాటన్ గుడ్డ), ఎం డైలలో ఒక పసుపు, ఎం 5 బి, నీలంలో ఎంఆర్, ఈ మూడే కొనుక్కుని రుమాలంత ముక్కల మీద రెండో పొర వేసి చూడండి. చీర సంగతి ఆ తర్వాత.