ఎస్ప్రెస్సో గ్రైండర్: చేత్తో తిప్పేదా, కరెంటుదా?

కాఫీ గింజల్ని మిక్సీలో పొడి కొడితే ముతక, మెత్తన కలిసిపోయి నీళ్లు ఒక పక్క నుంచే జారిపోతాయి. దానితో ఎస్ప్రెస్సో, అంటే వేడినీళ్లను ఒత్తిడితో పొడిలోంచి తోసి తీసే చిక్కటి కాఫీ, కుదరదు. అనంతపురంలో మా ఇంటి లెక్కకు చివరికి రెండే నిలిచాయి: చేత్తో తిప్పే వన్‌జెడ్‌ప్రెస్సో జె-అల్ట్రా, కరెంటు మీద నడిచే బరాట్జా ఎంకోర్ ఈఎస్‌పీ.

అసలు తేడా సర్దుబాటులోనే ఉంది. జె-అల్ట్రాలో ఒక్కో క్లిక్‌కి బర్ (గింజల్ని నలిపే పళ్ల చక్రం) 8 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కదులుతుంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 20 సెకన్లకే దిగిపోతోందా? పొడి ఇంకాస్త మెత్తగా వచ్చేలా రెండు క్లిక్కులు బిగించి మళ్లీ చూడొచ్చు. ఎంకోర్‌లో 40 మెట్లున్నా ఎస్ప్రెస్సో కోసం పెట్టినవి మొదటి 20. ఒక మెట్టు ఎక్కువ, ఇంకో మెట్టు తక్కువ అనిపించే సందర్భాలుంటాయి. బర్ కూడా 40 మిల్లీమీటర్లే, జె-అల్ట్రాది 48.

ఇక శ్రమ. చిక్కమగళూరు డార్క్ రోస్ట్ (బాగా వేయించిన గింజ) సులువుగా నలుగుతుంది. లైట్ రోస్ట్ (తక్కువ వేయించినది) తెప్పించారో, గింజ రాయిలా ఉండి భుజం పట్టేస్తుంది. కరెంటు పోయినా హ్యాండ్ గ్రైండర్ తిరుగుతుంది సరే, ఎస్ప్రెస్సో మెషీన్ ఆగిపోతుంది కదా! చేత్తో నొక్కే లివర్ మెషీన్ ఉన్నవాళ్లకే ఆ లాభం.

మన ఎండాకాలపు పొడిగాలికి స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్తు) ఎక్కువై కాఫీ పొడి గ్రైండర్ లోపలి గోడలకు అంటుకుంటుంది. స్పూన్ కాడ తడిపి, నలిపే ముందు గింజల్ని ఒకసారి కలిపితే చాలు, రెండింటికీ ఇదే మందు.

రోజుకు రెండు కప్పులైతే నా ఓటు జె-అల్ట్రాకే. పొద్దున్నే నలుగురికి వరసగా తీయాలన్నా, మణికట్టు నొప్పి ఉన్నా మాత్రం ఎంకోర్ కొనండి.