ఆపిల్ బ్యాగు, అరటి పర్సు: కోనసీమ తేమలో రెండేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. పర్సు బాగుంది, బ్యాగు మూలలు ఊడిపోయాయి. రెండూ 'మొక్కల తోలు' అనే పేరు మీదే కొన్నాను. రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి, రాజోలు నుంచి అమలాపురం దాకా ఒకే బస్సులో నాతో తిరిగాయి. మరి ఒకటి నిలబడి ఇంకొకటి ఎందుకు పాడైందో తెలుసుకోవాలని చాలా చదివాను, చాలామందిని అడిగాను. ఇలాంటివి కొనాలనుకునే మన డెల్టా వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు తోలు వద్దనుకోవడానికి కారణం పాలారు. తమిళనాడులో వెల్లూరు చుట్టుపక్కల తోళ్లు పదును చేసే కర్మాగారాల వల్ల ఆ నది, అక్కడి బావులు ఎంత పాడయ్యాయో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని, అది చదివాక క్రోమియం అనే లోహపు లవణాలు పెట్టి పదును చేసిన బ్యాగు భుజాన వేసుకోబుద్ధి కాలేదు.

ఆపిల్ బ్యాగును ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆరు వేల దాకా అయింది. ఈ పదార్థం పుట్టింది ఇటలీ ఉత్తరాన, ఆపిల్ తోటలకు పేరున్న బోల్జానో వైపు. జ్యూసు తీశాక మిగిలిన తొక్కను, పిప్పిని ఎండబెట్టి పొడి కొడతారు. ఆ పొడిని పాలీయురేథేన్‌లో, అంటే మనం పీయూ అనేదానిలో కలిపి గుడ్డ మీద పూస్తారు. కాబట్టి మన చేతికి తగిలే పైపొరలో పండు కొంతే, మిగతాది ప్లాస్టిక్కే. అమ్మేవాళ్ల పేజీలో ఆపిల్ బొమ్మ పెద్దగా ఉంటుంది. పీయూ సంగతి కిందెక్కడో ఒక ముక్కలో ఉంటుంది.

మొదటి ఏడాది ఏ వంకా పెట్టలేను. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, దిద్దాల్సిన పేపర్ల కట్ట, గొడుగు అన్నీ మోసింది. వానలో తడిస్తే పొడి గుడ్డతో తుడిచేదాన్ని, అంతే. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు బీరువాలో మా ఆయన తోలు బెల్టుకు తెల్లగా బూజు పట్టింది కానీ బ్యాగు పైన చుక్క కూడా రాలేదు. లోపలి గుడ్డకు మాత్రం ముక్కిన వాసన వచ్చింది, ఫ్యాను కింద ఆరేస్తే పోయింది.

రెండో వేసవిలో మొదలైంది. రోహిణి కార్తె ఎండల్లో బస్సు దిగి చూసుకుంటే స్ట్రాపు భుజానికి ఆనే చోట జిగురుగా తగిలింది. చెమటేమో అనుకుని తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు గోధుమరంగు అంటింది. మరుసటి రోజు తుడిచినా అంతే. వానలు పడ్డాక అడుగు మూలలో వెంట్రుకంత చీలిక కనబడింది. గోటితో కదిపితే పైపొర కాగితంలా లేచి వచ్చింది, కింద తెల్లటి నేత గుడ్డ బయటపడింది. దసరా సెలవులు వచ్చేసరికి నాలుగు మూలలూ అలాగే అయ్యాయి.

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో చెప్పులు కుట్టే ఆయనకు చూపించాను. అటూ ఇటూ తిప్పి, చీలిక దగ్గర బొటనవేలితో నొక్కి చూశారు. "అమ్మా, ఇది తోలు కాదండి. తోలైతే పాలిష్ పెడితే మళ్లీ తేరుకుంటుందండి. దీనికి పైపొర పోతే పోయినట్టేనండి. గమ్ము పెట్టినా పక్కనుంచి మళ్లీ లేస్తది" అన్నారు. చివరికి మూలలకు కాన్వాసు ముక్కలు వేసి కుట్టి ఇచ్చారు. ఆ కుట్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పీయూలో పాలిస్టర్ రకం అని ఒకటుంది. గాలిలో తేమ, వేడి కలిస్తే దాని అణువుల గొలుసులు తెగిపోతాయి. హైడ్రాలిసిస్ అంటారు. ముందు జిగురు, తర్వాత పగుళ్లు, ఆపైన పొర లేవడం. బ్యాగును వాడకుండా దాచుకున్నా ఇది ఆగదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే లోపలి తేమ బయటికి పోయే దారి లేక ఇంకా తొందరగా పాడవుతుంది. పాలికార్బొనేట్ రకం పీయూ తేమకు బాగా ఎక్కువకాలం తట్టుకుంటుంది కానీ ఖరీదెక్కువ. షీటు తయారుచేసేవాళ్లు 70 డిగ్రీల వేడిలో, 95 శాతం తేమలో వారాల తరబడి ఉంచి చూస్తారు. దాన్ని 'జంగిల్ టెస్ట్' అంటారు. ఒకవైపు సముద్రం, చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, చేపల చెరువులు ఉన్న మనకు ఆ పరీక్ష చేశారా లేదా అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. నా బ్యాగు కంపెనీకి మెయిల్ పెట్టి అడిగితే 'పొడిగా ఉండే చోట ఉంచండి' అని జవాబిచ్చారు. కోనసీమలో పొడిగా ఉండే చోటు ఎక్కడ వెతకను?

జర్మనీలో ఫ్రైబర్గ్‌లోని ఫిల్క్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2021లో ఇలాంటి తొమ్మిది రకాలను తోలుతో పోల్చి చూశారు. బలం, నీటిని ఆపడం, గాలి ఆడటం అన్నీ కలిపి తోలుకు సమంగా వచ్చినది వాటిలో ఒక్కటీ లేదు. తోలు వద్దనుకునే నాకు ఇది చదవడం కష్టంగానే ఉంది. కానీ కొనేవాళ్లకు తెలియాలి.

ఇక పర్సు. ఇది అరటి నారను నేసి, మీద సహజ రబ్బరు, మైనం పట్టించిన రకం. పీయూ పూత లేదు. కొత్తలో అట్టలాగా బిరుసుగా ఉండేది, తెరిస్తే సగంలోనే ఆగిపోయేది. కొన్నాళ్లు పచ్చి రబ్బరు వాసన కూడా వేసింది. వాడగా వాడగా మెత్తబడింది. ఇప్పుడు మడత దగ్గర నార పోగులు అడ్డంగా సన్నని గీతల్లా కనిపిస్తాయి. వేలితో తడిమితే గరుగ్గా తెలుస్తుంది కానీ ఒక్క పోగు తెగలేదు. చేయి తగిలే అంచు నల్లబడింది, నాకు ఆ రంగే నచ్చింది. పాశర్లపూడి వంతెన మీద ఒకసారి నిలువునా తడిసిపోయినప్పుడు లోపలి నోట్లు చెమ్మగిల్లాయి. నీడలో ఆరేస్తే మళ్లీ మామూలైంది.

దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. ఎండలో ఆరేయకూడదు. కొబ్బరినూనె తగలకూడదు. మా అత్తయ్య తోలు చెప్పులకు రాసినట్టే దీనికీ రాస్తానంటే చేయి పట్టుకుని ఆపాను. సహజ రబ్బరు నూనె పీల్చుకుని ఉబ్బి జిగురెక్కుతుంది.

చెప్పులు, బూట్ల విషయంలో మాత్రం తొందరపడవద్దనే నా మాట. అడుగడుగునా వంగుతూ, బురదలో తడిసి ఎండుతూ ఉండే వస్తువుకు పీయూ పూత మన దగ్గర ఎన్నాళ్లుంటుందో బ్యాగు మూలలు చూశాక నాకు నమ్మకం లేదు. పర్సు, డైరీ అట్ట, కళ్లజోడు పెట్టె లాంటివి నిశ్చింతగా కొనుక్కోవచ్చు. కొనే ముందు అమ్మేవాళ్లను పైపూత ఏమిటి, ఏ రకం పీయూ, అడుగున గుడ్డ నూలుదా పాలిస్టరా అని అడగండి. 'వెజిటబుల్ ట్యాన్డ్' అని రాసి ఉంటే అది పశువు చర్మమే. క్రోమియం బదులు తంగేడు చెక్క, కరక్కాయ లాంటివి వాడి పదును చేసినది.

కేరళలో మలై అనే సంస్థ వృథాగా పోయే కొబ్బరినీళ్లను పులియబెట్టి, బ్యాక్టీరియా అల్లిన పొరకు అరటి నార లాంటివి కలిపి షీట్లు చేస్తోంది. కోల్‌కతాలో బనోఫీ అనే సంస్థ అరటి బోదెలతో చేస్తోంది. ఇవి చదువుతుంటే నాకు కడుపు మండుతుంది. రావులపాలెం మార్కెట్‌కు లారీల కొద్దీ గెలలు వస్తాయి. గెల కోశాక ఆ బోదె మళ్లీ కాపు కాయదు. నరికి గట్టు మీదో కాలవలోనో పడేస్తారు. అంబాజీపేట చుట్టుపక్కల కాయ కొట్టి కొబ్బరి ఎండబెట్టే చోట నీళ్లు డ్రైనుకే పోతాయి. పీచు పనికి చేతులు మన దగ్గరే ఉన్నాయి. పీచును రబ్బరు పాలతో అతికించి పరుపులు చేయడం దేశంలో ఎప్పటినుంచో ఉన్న పనే. మన లంకల అరటి నారతో, పీయూ లేకుండా, ఇక్కడి వానాకాలంలో పరీక్షించిన బ్యాగు ఎవరైనా చేస్తే ఇంకో వెయ్యి ఎక్కువైనా సరే కొంటాను. నా తోటి లెక్చరర్లు ఇద్దరు ఇప్పటికే అడుగుతున్నారు. తయారుచేసేవాళ్లు ఉంటే చెప్పండి.