పెరాక్సైడ్ పోస్తే ఏది మేలు, గాలి ఊదితే ఏది మేలు?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు మొన్న చెన్నై అంబత్తూరులో బస్సు దిగుతూనే అడిగాడు, "అన్నా, కానుగ నూనె ఎస్టర్‌ని ఎపాక్సైడ్ చెయ్యాలంటే టైటానియానా, అల్యూమినానా?" అని. ఎపాక్సైడ్ అంటే ద్విబంధం దగ్గరి రెండు కార్బన్లూ ఒక ఆక్సిజన్‌తో కలిసి చిన్న ఉంగరం కట్టడం. టైటానియా, అల్యూమినా అంటే ఆ పనికి ఉత్ప్రేరకాలుగా వాడే టైటానియం, అల్యూమినియం ఆక్సైడ్లు. కానుగని ఇక్కడివాళ్లు పుంగై అంటారు. పేరు ఏదైనా ఆ నూనెలో సగం దాకా ఓలియిక్ ఆమ్లమే. మిథనాల్‌తో ఎస్టర్ చేస్తే మిథైల్ ఓలియేట్ వస్తుంది. పద్దెనిమిది కార్బన్ల గొలుసు, తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక ద్విబంధం. మన పనంతా ఆ ఒక్కచోటే.

"ముందు ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి తెస్తున్నావో చెప్పు" అన్నాను. హైడ్రోజన్ పెరాక్సైడా, టీబీహెచ్‌పీనా (టర్షియరీ బ్యూటైల్ హైడ్రోపెరాక్సైడ్), ఉత్త గాలా? అది తేలకుండా ఆక్సైడ్ ఎంచుకోవడమంటే వరుడు ఎవరో తెలియకుండా లగ్నం పెట్టడమే.

చేరిన కొత్తలో నేను చేసిందీ అదే. మాంగనీస్ డైఆక్సైడ్ చవక, మంచి ఆక్సీకారిణి అని చదివి, ఎస్టర్‌లో ఆ నల్ల పొడి వేసి పైనుంచి పెరాక్సైడ్ వదిలాను. ఇంటర్‌లో ఆక్సిజన్ తయారు చేసే ప్రయోగం గుర్తుందా? పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టేది ఈ పొడే. ఫ్లాస్కు నురగలు కక్కి హుడ్ అంతా పాకింది. ఓలియేట్ మాత్రం చెక్కుచెదరలేదు. కోబాల్ట్ ఆక్సైడ్‌దీ దాదాపు ఇదే గుణం.

ఈ రెండూ పనికొచ్చేది గాలితో. అవిసె నూనె రంగులు త్వరగా ఆరడానికి కోబాల్ట్ లవణాలు కలుపుతారు కదా, జరిగేది అదే రసాయనం. ద్విబంధం పక్కనున్న కార్బన్ నుంచి హైడ్రోజన్ ఊడుతుంది, అక్కడ ఆక్సిజన్ చేరి హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది, అది మళ్లీ విరిగి కీటోన్, ఆల్కహాల్, కాస్త ఎపాక్సైడ్, చివరికి జిగట. రంగుకి ఆ జిగటే కావాలి, మనకి తలనొప్పి. రెండు ద్విబంధాలుండే లినోలియేట్ ఎక్కువున్న నూనైతే ఈ గొలుసుచర్య ఇంకా వేగం. రెండు ద్విబంధాల నడుమ చిక్కిన హైడ్రోజన్ మరీ సులువుగా ఊడుతుంది. బయోడీజిల్‌ని 110 డిగ్రీల వేడిలో గాలి ఊదుతూ ఎనిమిది గంటలు నిలబడుతుందా అని యూరప్‌లో పరీక్షించేది ఇందుకే. రాగి గొట్టంలోనో తుప్పు డ్రమ్ములోనో నిలవ పెడితే, అడక్కుండానే ఉత్ప్రేరకం కలిపినట్టు.

ఇక అసలు పోటీ. టైటానియం కథ ఇటలీలో మొదలైంది. 1983లో పేటెంటైన టీఎస్-1, అంటే టైటానియం పొదిగిన సిలికా స్ఫటికం, పెరాక్సైడ్‌తో అద్భుతంగా పనిచేస్తుంది, కానీ దాని రంధ్రాలు 0.55 నానోమీటర్లు. ప్రొపిలీన్ ఇట్టే దూరుతుంది, నడుం వంగిన ఓలియేట్‌కి ఇరుకు. 1992లో పెద్ద రంధ్రాల సిలికా ఎంసీఎం-41 వచ్చాక రెండు నానోమీటర్లు, ఆపై రంధ్రాల్లో టైటానియం కూర్చోబెట్టగలిగారు. టీబీహెచ్‌పీతో అది ఇచ్చే ఎపాక్సైడ్ అంత శుభ్రమైనది నేనింకోటి చూడలేదు. పేచీ అల్లా నీళ్లతోనే. నీళ్ల పెరాక్సైడ్ పోస్తే టైటానియం, సిలికా మధ్య బంధాలు తెగి లోహం బయటికి జారుతుంది. సరే టీబీహెచ్‌పీయే వాడదామంటే, దాని బరువులో పనికొచ్చే ఆక్సిజన్ 18 శాతమే, పెరాక్సైడ్‌లో 47. లెక్క కడితే కిలో ఓలియేట్‌కి పావుకిలో టర్షియరీ బ్యూటనాల్ మిగులుతుంది, దాన్ని వేరు చెయ్యాలి. పెరాక్సైడ్‌తో మిగిలేది 60 గ్రాముల నీళ్లే.

అల్యూమినాలో ఏ వింత లోహమూ లేదు. దాని ఉపరితలం మీది హైడ్రాక్సిల్‌లు పెరాక్సైడ్‌ని పట్టుకుని ద్విబంధానికి అందిస్తాయి, అంతే. బ్రెజిల్‌లోని కంపినాస్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద చాలా పనిచేశారు. దీనికీ నీళ్లు పడవు. ఎథిల్ ఎసిటేట్ మరిగిస్తూ, నీళ్లు ఎప్పటికప్పుడు పక్కకి దిగేలా డీన్-స్టార్క్ గొట్టం పెట్టాలి. పెరాక్సైడ్‌లో కొంత వృథాగా విరిగిపోతుంది కూడా. ఒక్క జాగ్రత్త మరవకూడదు: ద్రావణిలో పెరాక్సైడ్ మిగిలుండగా పొడిబారేదాకా మరిగిస్తే పేలుతుంది. ముందు అయొడైడ్‌తో పరీక్షించాలి, మిగిలుంటే సల్ఫైట్‌తో చంపాలి.

టంగ్‌స్టన్ సంగతి వేరు, అది గొలుసునే నరికేస్తుంది. ఒక ముక్క అజెలాయిక్ ఆమ్లం, ఇంకోటి పెలార్గోనిక్ ఆమ్లం.  సిలికా మీద అతికించిన టంగ్‌స్టన్ ఆక్సైడ్ పెరాక్సైడ్‌లో కరిగి జారిపోతుంది. మేము వేడిగా ఉండగానే వడగట్టి చూశాం, పొడి తీసేశాక కూడా ద్రవంలో చర్య ఆగలేదు. అంటే పనిచేసింది పొడి కాదు, కరిగిన లోహం.

మా పని పీవీసీలో మెత్తదనానికి కలిపే ప్లాస్టిసైజర్. కొనేవాడు చూసేది ఆక్సిరేన్ విలువ, అంటే బరువులో ఎపాక్సైడ్ ఉంగరాల ఆక్సిజన్ ఎంత శాతమో, శుద్ధ ఓలియేట్‌కి గరిష్ఠం 5.1 శాతం, కానుగ ఎస్టర్‌లో సంతృప్త ఆమ్లాలూ ఉంటాయి కాబట్టి అంతకన్నా తక్కువే వస్తుంది. ఆ ధరలో టీబీహెచ్‌పీ బిల్లు భరించలేం. నా ఓటు అల్యూమినాకే. ఎపాక్సైడ్‌ని మందుల్లోకో పరిమళాల్లోకో తీసుకెళ్లేవాళ్లయితే టైటానియం తీసుకోండి, ఆ శుభ్రతకి డబ్బిచ్చేవాళ్లుంటారు. పాత పద్ధతిలో సల్ఫ్యూరిక్ వేసి పెరాక్సైడ్, ఆమ్లం కలిపి పెర్‌ఆసిడ్ చేసేవాళ్లు మాత్రం ఉంగరం తెరుచుకుపోయి ఆక్సిరేన్ పడిపోతుంటే ఇంకా సల్ఫ్యూరిక్‌ని తిట్టుకుంటున్నారు.

అంతా విని కుర్రాడు, "అయితే టీబీహెచ్‌పీకి ఆర్డర్ పెట్టనా, వద్దా?" అన్నాడు. వద్దన్నాను. ఈ ఊరి గాలిలో తేమ సంగతి తెలిసిందే, సీసా మూత తీస్తే చాలు అల్యూమినా నీళ్లు తాగేస్తుంది. అందుకే రాత్రి అల్యూమినాని ఆరబెట్టడానికి ఫర్నేసులో 400 డిగ్రీల దగ్గర పెట్టి వెళ్లాడు. పొద్దున చూస్తే మూత పెట్టకుండానే బయటికి తీసి, టీ తాగడానికి పోయాడు.