సూర్యాస్తమయానికి నీటి రంగులా, యాక్రిలిక్కా?

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతూ కనిపిస్తాడు. పైన నీలం, దిగువన నారింజ, అవతలి ఒడ్డున చెట్ల వరుస, వాటన్నిటి నీడ గోదావరిలో. దీన్ని పొరలు పొరలుగా వేయడానికి ఏ రంగులు కొనాలని అడిగితే, నా ఓటు నీటి రంగులకే. షరతు ఒకటే, కాగితం మంచిదై ఉండాలి.

నీటి రంగుల్లో వెలుగు కాగితం నుంచే వస్తుంది. పల్చటి పసుపు పూత ఆరాక, దాని మీద గులాబీ పూత వేస్తే, వెలుతురు ఆ రెండింటినీ దాటి తెల్ల కాగితాన్ని తాకి వెనక్కి వస్తుంది. ఆకాశం లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. అదే మెరుపును ప్లాస్టిక్ ఆధారిత రంగైన యాక్రిలిక్‌లో తెలుపు కలిపి తెద్దామనుకుంటే గోడకు సున్నం కొట్టినట్టు తేలుతుంది. అయితే కింది పూత పూర్తిగా ఆరకుండా తొందరపడితే రంగులు కలిసి బురదే మిగులుతుంది. ఆరాక రంగు కాస్త వెలిసిపోతుంది కూడా, కాబట్టి మొదటే కొంచెం గాఢంగా వేయాలి.

యాక్రిలిక్ గుణం వేరు. పల్చటి పూత పది, ఇరవై నిమిషాల్లో ఆరుతుంది, ఆ తర్వాత నీళ్లు తగిలినా కదలదు. తప్పు జరిగితే పైన మళ్లీ వేసుకోవచ్చు. గ్లేజింగ్ మీడియం (రంగును పల్చబరిచే పారదర్శక ద్రవం) కలిపితే పారదర్శకమైన పొరలూ వస్తాయి. కానీ మే నెల ఎండల్లో నారింజను నీలంలోకి మెత్తగా జరిపేలోగా రంగు కుంచె మీదే గట్టిపడుతుంది. ఆరాక రంగు ఒక మెట్టు ముదురుతుంది.

తైలవర్ణాల సంగతి చెప్పేదేముంది! ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1839లో ‘ఫైటింగ్ టెమెరైర్’ అనే చిత్రంలో సూర్యాస్తమయాన్ని వేసింది వాటితోనే. కాకపోతే పొరకూ పొరకూ మధ్య రోజుల తరబడి ఆగాలి.

ఏది ఎంచుకున్నా పసుపునూ నీలాన్నీ నేరుగా కలవనివ్వకండి, ఆకాశం ఆకుపచ్చగా మారుతుంది. మధ్యలో గులాబీ పట్టీ ఉండాలి. దూరపు చెట్లకు పల్చటి నీలి బూడిద, దగ్గరి పడవకు ముదురు నీలమైన అల్ట్రామెరైన్‌లో ఎర్రటి గోధుమరంగు బర్న్ట్ సియెన్నా కలిపిన ముదురు రంగు చాలు, నల్ల ట్యూబు జోలికి పోనక్కర్లేదు.

ఆరేదాకా ఆగే ఓపిక లేనివారు యాక్రిలిక్ కొనుక్కోవడమే మేలు. నీటి రంగులకు మొగ్గేవారు పాతిక రంగుల పెట్టె మానేసి అయిదారు ట్యూబులతో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బుతో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం తెచ్చుకోండి.