నిద్రపోయిన బ్యాటరీని లేపలేని చార్జర్: బండిలో లిథియం వాడిన మూడేళ్ల తర్వాత

బండి బ్యాటరీ గురించి ఎవరు అడిగినా నేను ముందు చార్జర్ గురించే చెబుతాను. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఎంత మంచిదైనా సరే, అది పూర్తిగా ఖాళీ అయ్యి తనంతట తాను తలుపు మూసుకున్న రోజున ఆ తలుపు తీయించే చార్జర్ మీ దగ్గర లేకపోతే, మీకు మిగిలేది పన్నెండు కిలోల పెట్టె. ఈ మాట అమ్మిన దుకాణంలో చెప్పలేదు. బ్యాటరీతో ఇచ్చిన పుస్తకంలో లేదు. చార్జర్ డబ్బా మీద అంతకన్నా లేదు. మూడేళ్లు దాటినా నాకు ఆ కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మాది నరసన్నపేట దగ్గర. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, ఆర్టీవో దగ్గర మార్పు రాయించుకుని, సాలూరులో బాడీ పని చేయించాం. లారీల ఊరు కదా, రేకు పని, వెల్డింగ్ పని వాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, మిక్సీకి, రైస్ కుక్కర్‌కి ఇన్వర్టర్. అమ్మకి మోకాళ్లు పట్టేస్తాయి, లాడ్జి మెట్లు ఎక్కలేదు. శ్రీముఖలింగం వెళ్లినా, బారువ సముద్రానికి వెళ్లినా, అరకు వెళ్లినా బండిలోనే పడక.

మొదట 150 ఏహెచ్ ట్యూబులర్ లెడ్ బ్యాటరీ పెట్టాం, ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడేదే. దాన్ని తిట్టను. కాకపోతే యాభై కిలోల పైమాట, అందులో సగం వరకే వాడుకోవాలి, అంతకు మించి దించితే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుపోతుంది. రైస్ కుక్కర్ పెట్టగానే ఇన్వర్టర్ కుయ్ కుయ్ అనేది. 700 వాట్ల కుక్కర్ అంటే 12 వోల్టుల వైపు అరవై ఆంపియర్లు పైనే లాగుతుంది, అంత లాగుడుకి లెడ్ బ్యాటరీ వోల్టేజీ దిగిపోతుంది. పైగా చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. పడుకునే చోట, గ్యాస్ పొయ్యి ఉన్న చోట అది నాకు నచ్చలేదు. మార్చడానికి అసలు కారణం అదే.

లిథియం పెట్టాక మొదటి ఏడాది అందరికీ తెగ పొగిడాను. నీళ్లు పోసే పని లేదు. టెర్మినల్ మీద తెల్లటి, నీలపు పొడి కట్టదు. మాది సముద్రపు గాలి, పాత బ్యాటరీకి పెట్రోలియం జెల్లీ రాయని నెల లేదు. కుక్కర్ పెట్టినా వోల్టేజీ దాదాపు కదలదు. ముఖ్యంగా చార్జింగ్. ట్యూబులర్‌కి చివరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు గంటలు పట్టేది, ఆంపియర్లు తగ్గుతూ తగ్గుతూ పోయేవి. దీనికి దాదాపు చివరిదాకా ఒకటే పట్టు, 20 ఆంపియర్లు పెడితే 20 తీసుకుంటూనే ఉంటుంది.

ఆ పొగడ్తల్లో ఒకటి రెండు ఇప్పుడు సరిదిద్దుకోవాలి. వోల్టేజీ కదలదు అని మెచ్చుకున్నానా, అదే గుణం వల్ల లోపల ఎంత మిగిలిందో తెలీదు. లెడ్ బ్యాటరీకి మీటరు పెట్టి 12.7 అంటే నిండా, 12.2 అంటే సగం అని చెప్పేయొచ్చు. లిథియం 90 శాతంలో ఉన్నా 40 శాతంలో ఉన్నా మీటరులో తేడా 0.2 వోల్టుల లోపే. అందుకని వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్కగట్టే షంట్ మీటరు వేరే కొనాల్సి వచ్చింది. అది కూడా అప్పుడప్పుడు బ్యాటరీని నిండా ఎక్కిస్తేనే లెక్క సరి చేసుకుంటుంది. సెల్స్ ఒకదానితో ఒకటి సమానం కావడం కూడా నిండే ముందు మాత్రమే జరుగుతుంది. కాబట్టి ‘మెయింటెనెన్స్ లేదు’ అన్న మాట పూర్తిగా నిజం కాదు.

ఇక అసలు సంగతి.

వానాకాలం చివర్లో బండిని మా పెరట్లో రేకుల షెడ్డు పక్కన పెట్టేశాం. చాలాకాలం వాడకపోతే సగం చార్జ్‌లో ఉంచమని పుస్తకంలో రాసి ఉంది, అలాగే ఉంచాం. మెయిన్ స్విచ్ కట్టేశాం. తుఫాను హెచ్చరిక వచ్చింది, పైనున్న సోలార్ ప్యానెల్ మీద తార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించాం. మా వైపు అక్టోబరు వస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలకి తోటలు పడిపోయాయి, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు రాలేదు. ఈ బ్యాటరీ మాకు ప్రయాణాలకే కాదు, అలాంటప్పుడు ఇంట్లో దీపానికి, ఫోన్లకి కూడా.

తుఫాను ఒడిశా వైపు వెళ్లిపోయింది. కార్తీకంలో శ్రీముఖలింగం వెళ్దామని ముందురోజు సాయంత్రం స్విచ్ వేస్తే ఒక్క దీపం వెలగలేదు. మీటరు పెడితే టెర్మినల్స్ దగ్గర దాదాపు సున్నా. ఫోన్‌లో బ్లూటూత్ యాప్‌కి బ్యాటరీ కనబడటం లేదు. సరే, ఖాళీ అయ్యుంటుంది, రాత్రంతా పెడితే ఎక్కుతుంది అని ఇంట్లోంచి కేబుల్ లాగి చార్జర్ పెట్టాం. ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగింది. ఎర్ర దీపం రెండుసార్లు మినుకుమంది. పుస్తకంలో చూస్తే దాని అర్థం, బ్యాటరీ తగల్లేదు అని. తీసి పెట్టాం, మళ్లీ అదే. తార్పాలిన్ విప్పి పొద్దున్న ఎండలో సోలార్ చూశాం. ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి సర్ది పంపే ఎంపీపీటీ కంట్రోలర్, ముందు బ్యాటరీ వోల్టేజీ చూసుకున్నాకే పని మొదలుపెట్టే రకం, అది కూడా నోరు మెదపలేదు. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆల్టర్నేటర్ నుంచి ఎక్కించే డీసీ-డీసీ చార్జర్‌దీ అదే వరస. మూడు దారులూ ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే, “విప్పకండి సార్, వారంటీ పోతుంది, ప్యాక్ చేసి పంపండి, పదిహేను ఇరవై రోజులు పడుతుంది” అన్నారు. బ్యాటరీ పాడైందా అని అడిగితే చూస్తే గానీ చెప్పలేం అన్నారు. వాళ్లకి ఇది తెలీదంటే నేను నమ్మను. ఇలాంటి లిథియం బ్యాటరీలో బీఎంఎస్ అని సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ ఉంటుంది, సెల్ సుమారు 2.5 వోల్టులకి దిగితే సెల్స్‌ని కాపాడటానికి అది బయటికి దారి కట్టేస్తుంది. ఆ తర్వాత బయట టెర్మినల్స్ మీద ఏమీ కనబడదు. అలా కట్టేయడం తప్పు కాదు, కట్టకపోతే సెల్స్ పోతాయి. తప్పల్లా, సున్నా కనబడితే ముట్టుకోని చార్జర్‌ని ఆ బ్యాటరీకి జోడీ అని చెప్పి అమ్మడం.

మా వీధి చివర ట్రాక్టర్లకి వైరింగ్ చేసే ఆయన ఉన్నాడు. మాకంటే పెద్దవాడు. లిథియం ఎప్పుడూ ముట్టుకోలేదు అన్నాడు గానీ, వచ్చి బండి కింద కూర్చుని చార్జర్ ఎర్ర దీపం రెండుసార్లు చూసి, “సావనేదు బావూ, పడుకుంది. పడుకున్నోణ్ని కేకేత్తే లెగుత్తాడు. నీ సార్జరు కేకెయ్యట్నేదు” అన్నాడు.

ఆయన చేసింది చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే చాలామందికి బ్యాటరీ దక్కుతుంది. ట్రాక్టర్ నుంచి నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ దింపి తెచ్చాడు. మైనస్‌కి మైనస్ తిన్నగా కలిపాడు. ప్లస్‌కి ప్లస్ కలిపే వైరు మధ్యలో మాత్రం 55 వాట్ల హెడ్‌లైటు బల్బు పెట్టాడు. బల్బు ఎందుకన్నాను. తిన్నగా కలిపితే ఖాళీ లిథియం ఒక్కసారే ఎంతైనా లాగేస్తుంది, వైరు కాలిపోతుంది, బల్బు ఉంటే అంతకు మించి పోనివ్వదు అన్నాడు. కలిపాడు. బల్బు లోపలి తీగ ఎర్రగా కనిపించీ కనిపించనట్టు వెలిగింది. కరెంటు పారుతోందన్న మాట. ఆయన అరచెయ్యి బ్యాటరీ మీదే ఉంచాడు, వేడెక్కుతుందేమోనని. కాసేపటికి ఫోన్‌లో యాప్ దొరికింది. నాలుగు సెల్స్ వోల్టేజీలూ 2.7 కి అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్క సెల్ బాగా కిందికి పోయి ఉన్నా, పెట్టె ఉబ్బి ఉన్నా అక్కడే ఆపేసేవాళ్లం, అలాంటి దానికి చార్జ్ ఎక్కించడం ప్రమాదం. అప్పుడు ఇంటి చార్జర్ తగిలిస్తే దానికి బ్యాటరీ కనబడింది, పచ్చ దీపం వెలిగింది. తక్కువ ఆంపియర్ల మీద పెట్టి, ట్రాక్టర్ బ్యాటరీ తీసేశాం. అమ్మ లోపల్నుంచి ఫ్యాన్ తిరుగుతోంది అని కేకేసింది.

డబ్బులిస్తే తీసుకోలేదు. శ్రీముఖలింగం నుంచి ప్రసాదం తెచ్చి ఇచ్చాం.

సగం చార్జ్ ఎలా హరించుకుపోయిందో తర్వాత వైర్లు ఒక్కొక్కటీ తీసి క్లాంప్ మీటరుతో చూశాం. గ్యాస్ లీకు అలారం మెయిన్ స్విచ్‌కి ముందే కలిపి ఉంది. ఫిట్టర్లు అలా కలపడం మామూలే, స్విచ్ కట్టేసినా అలారం పని చెయ్యాలని. అది సుమారు 0.1 ఆంపియర్ లాగుతుంది. చూడ్డానికి ఏమీ కాదు, కానీ రోజుకి 2.4 ఏహెచ్. సగం ఉన్న 100 ఏహెచ్ మూడు వారాల్లో ఖాళీ. దాని మీద బీఎంఎస్ సొంత ఖర్చు ఉండనే ఉంది. సగం చార్జ్‌లో ఉంచమన్న పుస్తకం, అలారం లాంటివి తీసేసి ఉంచమని కూడా రాయాలి కదా. ట్యూబులర్‌కి ఇలా జరిగి ఉంటే ప్లేట్లు దెబ్బతినేవి, నిజమే. కానీ ఏ ఊళ్లో అయినా బ్యాటరీ కొట్టులో ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ అడక్కుండా ఎక్కించేసేది.

ఇప్పుడు బ్యాటరీ మైనస్ దగ్గరే తిప్పుడు స్విచ్ పెట్టించాం. బండి పెట్టేసేటప్పుడు సిలిండర్ దింపేస్తాం, తర్వాత ఆ స్విచ్ తిప్పేస్తాం. అప్పుడు లిథియం దానంతట అది కోల్పోయేది నెలకి రెండు మూడు శాతమే, నెలల తరబడి ఆగుతుంది. చార్జర్ కూడా మార్చాను. కొత్తదానిలో ‘0 వోల్ట్ యాక్టివేషన్’ ఉంది. బ్యాటరీ సున్నా చూపించినా కొద్ది కరెంటు పంపి బీఎంఎస్‌ని లేపుతుంది, లేచాక మామూలుగా 14.4 దాకా ఎక్కిస్తుంది. దాన్ని నమ్మడానికి నాకు రుజువు కావాలి, అందుకని పనిగట్టుకుని బీఎంఎస్ కట్టయ్యేదాకా బ్యాటరీని ఫ్యాన్ల మీద ఖాళీ చేసి పెట్టి చూశాను. కొన్ని క్షణాల్లో లేపింది. ఆ రోజు కలిగిన సంతోషం ఈ బ్యాటరీ కొన్న రోజున కూడా లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ మోడ్‌లో సున్నా వోల్టులున్నా కరెంటు పంపుతుంది కాబట్టి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే కనిపెట్టలేకపోవచ్చు. ముందు క్లిప్పులు సరిచూసుకుని, తర్వాతే ప్లగ్గు. ఫ్యాన్ మోత కూడా కొంచెం ఎక్కువే, పడక కిందే ఉంటే రాత్రి నిద్ర పట్టదు.

పాత లెడ్ చార్జర్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. డీసల్ఫేషన్, ఈక్వలైజ్ అనే మోడ్‌లు ఉంటే వద్దు. అవి 15 వోల్టులు దాటిస్తాయి, వోల్టేజీ అంత పెరిగినా లిథియం బీఎంఎస్ దారి కట్టేస్తుంది. ఆల్టర్నేటర్‌కి తిన్నగా కలపడం అంతకన్నా వద్దు. లిథియం ఎంతిస్తే అంతా తీసుకుంటుంది, ఆల్టర్నేటర్ కాలుతుంది. మధ్యలో 20 ఆంపియర్ల డీసీ-డీసీ పెట్టాం, ఎస్.కోట మీదుగా అరకు చేరేసరికి నాలుగైదు గంటల్లో బ్యాటరీ దాదాపు నిండిపోతుంది. ఆ ఖర్చు బ్యాటరీ ధరలో కలుపుకునే లెక్క చూసుకోవాలి, దుకాణాల్లో కలపరు.

మరి కొనమంటానా? మాలాగా నెలకోసారైనా కదిలే బండి, అందులోనే పడుకునేవాళ్లు, కుక్కర్ నడపాల్సినవాళ్లు అయితే కొనండి, నేనైతే మళ్లీ ఇదే కొంటాను. ఇచ్ఛాపురం వైపు మా బంధువు ఒకరు ఓడ మీద ఉద్యోగం, బండి నెలల తరబడి కదలదు. ఆయనకీ లిథియమే చెప్పాను, కానీ మైనస్ వైరు విప్పి వెళ్లమన్నాను. ఆమదాలవలసలో వ్యాన్ మీద టిఫిన్లు అమ్మే తెలిసినాయనకి మాత్రం ట్యూబులరే ఉంచుకోమన్నాను. రోజూ రాత్రి ఇంటిదగ్గర చార్జ్ పెడతాడు, బ్యాటరీ పెట్టె వ్యాన్ బయటే ఉంది, నెలకోసారి నీళ్లు పోయడం ఆయనకి భారం కాదు, పెట్టుబడి మాత్రం భారం. మా బ్యాటరీ ఆ ఒక్క నిద్ర వల్ల ఎంత బలం కోల్పోయిందో కచ్చితంగా చెప్పలేను. షంట్ లెక్కలో మునుపటికన్నా కొంచెం తక్కువ వస్తోంది, అది వయసు వల్లనో, ఆ రోజు వల్లనో. ఏది కొన్నా, డబ్బులిచ్చే ముందు ఆ కొట్టులోనే, సున్నా వోల్టుల బ్యాటరీని ఈ చార్జర్ లేపుతుందా అని అడగండి. లేపుతుందంటే అక్కడే చేసి చూపించమనండి.