పెద్ద టెలిస్కోప్‌కి సోలార్ ఫిల్టర్ చేసుకుందామని చవక షీట్లు కొంటున్నారా? జాగ్రత్త

ఆన్‌లైన్‌లో 'సోలార్ ఫిల్టర్ షీట్, పెద్ద సైజు, టెలిస్కోపులకు' అంటూ చవగ్గా అమ్ముతున్న ఫిల్మ్‌ని దయచేసి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే టెలిస్కోప్‌కి తగిలించకండి. నాకొచ్చింది అసలు సోలార్ ఫిల్మే కాదు, వెండిలా మెరిసే ప్లాస్టిక్ కాగితం. దాన్ని నమ్మి ఎవరైనా ఐపీస్‌ దగ్గర కన్ను పెడితే ఆ కన్ను పోయినట్టే.

నా దగ్గరున్నది పది అంగుళాల డాబ్సోనియన్, అంటే అద్దంతో కాంతిని పోగేసే రకం టెలిస్కోప్. 2024 మేలో సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చల గుంపు వచ్చింది. దాని నుంచి వచ్చిన సౌర తుఫాను వల్లే లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది. అలాంటి మచ్చల్ని మా కాలనీ పిల్లలకు చూపించాలన్నది నా కోరిక. టెలిస్కోప్ మూతి మొత్తం కప్పేలా ఇంట్లోనే ఫిల్టర్ చేసుకుందామంటే పెద్ద ఫిల్మ్ కావాలి. బాడర్ ఆస్ట్రోసోలార్ లాంటి పేరున్న ఫిల్మ్ ఎక్కువగా ఏ4 కాగితమంత, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పులో దొరుకుతుంది. పది అంగుళాలంటే 25 సెంటీమీటర్లు దాటుతుంది, అందులో సరిపోదు. రెండు ముక్కలు అతికించడం అసలే కుదరదు, అతుకు దగ్గర సందు మిగిలితే అంతే సంగతులు. పెద్ద సైజు అసలు ఫిల్మ్ ఉంది గానీ ఖరీదు ఎక్కువ. పెద్ద టెలిస్కోప్ ఉన్నవాళ్ల ఈ ఇబ్బంది అమ్మేవాళ్లకు బాగా తెలుసు. అందుకే సైజు పెద్దది, ధర చిన్నది అని ఊరిస్తారు.

ప్యాకెట్‌లో కంపెనీ పేరు లేదు, ఎలా వాడాలో చెప్పే కాగితం లేదు, ఎంత కాంతిని ఆపుతుందో అంకె లేదు. పాలిథిన్ కవర్లో చుట్టిన షీట్, దాని మీద ఐఎస్ఓ 12312-2 అని ఒక స్టిక్కర్. అంతే.

ఎండలోకి తీసుకెళ్లకముందే గదిలోనే దాని సంగతి బయటపడింది. మంచి సోలార్ ఫిల్మ్ గుండా చూస్తే ఇంట్లో వస్తువులేవీ కనిపించకూడదు. సెల్‌ఫోన్ లైట్‌ని దగ్గరగా పెడితే మసక చుక్కలా కనిపిస్తుందేమో, అంతకు మించి కాదు. ఈ షీట్ గుండా ట్యూబ్‌లైట్ స్పష్టంగా కనిపించింది. కిటికీ ఊచలు కూడా లెక్కపెట్టొచ్చు. టీవీ రిమోట్ నొక్కుతూ షీట్ అడ్డం పెట్టి సెల్ కెమెరాతో చూస్తే రిమోట్ బల్బు వెలగడం తెలుస్తోంది. అంటే మన కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా అది వదిలేస్తోంది.

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మిత్రుడి దగ్గర వెలుతురు కొలిచే లక్స్ మీటర్ ఉంటే దానితో కూడా చూశాం. నడినెత్తి ఎండలో మీటరు లక్ష లక్స్ దాకా చూపిస్తుంది. కంటితో చూడటానికి పనికొచ్చే ఓడీ 5 (ఓడీ అంటే ఆప్టికల్ డెన్సిటీ, కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఫిల్మ్ లక్షో వంతు కాంతినే పోనిస్తుంది కాబట్టి, పక్కల నుంచి వెలుతురు దూరకుండా దాన్ని మీటరు మీద కప్పితే ఒక లక్స్ దగ్గర ఆగాలి. ఈ షీట్ కప్పితే వందల్లో చూపించింది! ఉండాల్సిన దానికంటే వందల రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుందన్నమాట. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ పరీక్షలు చెడ్డ ఫిల్మ్‌ని పట్టిస్తాయి గానీ, ఇవి దాటిన ప్రతి ఫిల్మూ మంచిదని అర్థం కాదు.

అమ్మినవాళ్లకు రాస్తే వచ్చిన జవాబు: 'ఐఎస్ఓ సర్టిఫైడ్ సార్, ప్యాకెట్ విప్పారు కాబట్టి రిటర్న్ లేదు.' విప్పకుండా ఎలా పరీక్షిస్తాం? పైగా ఆ ఐఎస్ఓ అంకె గ్రహణం కళ్లద్దాలకు సంబంధించింది. వట్టి కంటితో, ఏ లెన్సూ లేకుండా సూర్యుణ్ణి చూడటానికి పెట్టిన ప్రమాణం అది. టెలిస్కోప్ ఫిల్టర్‌కి దాన్ని హామీగా చూపించడమే తప్పు. పది అంగుళాల అద్దం, చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కంటిపాప కంటే సుమారు 1,300 రెట్లు ఎక్కువ కాంతిని పోగేస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు. కాలుతున్నప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలు గడిచాక చూపు మధ్యలో మచ్చ కనబడ్డప్పుడు గానీ తెలియదు. ఈ స్టిక్కర్ల మోసం మన దగ్గరే కాదు. 2024 ఏప్రిల్ 8 గ్రహణానికి ముందు అమెరికాలో నకిలీ కళ్లద్దాలు వస్తున్నాయని అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘం హెచ్చరించింది. ఆ సంపూర్ణ గ్రహణం మనవాళ్లు ఎంతోమంది ఉన్న డాలస్ మీదుగానే వెళ్లింది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. అసలు కంపెనీ ఫిల్మ్‌లోనే ఓడీ 3.8 అని ఒక రకం వస్తుంది. అది ఫొటోలకే, కంటికి కాదు. ఓడీ 5 కంటే దాదాపు 16 రెట్లు ఎక్కువ కాంతిని వదులుతుంది. చాలా ప్రకటనల్లో ఏది అమ్ముతున్నారో రాయరు. అడగండి, చెప్పకపోతే వదిలేయండి. ఐపీస్‌కి స్క్రూలా తిప్పి బిగించే 'సన్ ఫిల్టర్' అంటారా, వేడికి పగిలిపోతుంది, దాని జోలికే పోవద్దు.

నిజానికి అంత పెద్ద షీట్ మనకు అక్కర్లేదు. మందపాటి అట్టతో టెలిస్కోప్ మూతికి బిగువుగా పట్టే మూత చేసి, మధ్యలో ఉండే చిన్న అద్దానికీ దాని కాళ్లకూ తగలకుండా ఒక పక్కన 80 మిల్లీమీటర్ల రంధ్రం కోసి, దానికి మాత్రమే ఓడీ 5 ఫిల్మ్ అంటిస్తే చాలు. భూమి అంత మచ్చ సూర్యుడి మీద దాదాపు 17 ఆర్క్‌సెకన్ల వెడల్పు ఉంటుంది (ఒక డిగ్రీలో 3,600వ వంతే ఆర్క్‌సెకన్). 80 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటిన్నర ఆర్క్‌సెకన్ వివరం దాకా చూపించగలదు. పగటి వేడిగాలికి బొమ్మ ఎలాగూ వణుకుతూనే ఉంటుంది, పది అంగుళాలూ తెరిచినా పెద్దగా లాభం ఉండదు. ఒక్క ఏ4 షీట్‌లో ఇలాంటివి రెండు మూడు వస్తాయి. ఫిల్మ్‌ని లాగి బిగించకండి, కాస్త ముడతలున్నా బొమ్మ చెడదు. వాడే ప్రతిసారీ లైట్‌కి ఎదురుగా పెట్టి సూది బెజ్జాలు ఉన్నాయేమో చూడండి. గాలికి ఊడకుండా మూతకు టేపు వేయండి. టెలిస్కోప్ పక్కన గురి చూసుకోడానికి ఉండే చిన్న గొట్టం, ఫైండర్‌ని తప్పకుండా తీసేయండి, పిల్లలు ముందు అందులోనే తొంగిచూస్తారు. కొనేది కూడా కంపెనీ గుర్తించిన డీలరు దగ్గరే, బిల్లుతో.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను రెండూ చేశాను, తేలాల్సి ఉంది. ప్యాకెట్, స్టిక్కర్, ప్రకటన ఫొటోలు తీసి పెట్టుకోండి. షీట్‌ని మాత్రం 'చూడటానికి కాదు' అని రాసి బీరువాలో తాళం వేయండి. ఎదురుగా ఉంటే వచ్చే గ్రహణం రోజు ఇంట్లో ఎవరో ఒకరు దాన్నే తీసి కళ్లకు అడ్డం పెట్టుకుంటారు.