ఆర్‌ఎక్స్ 100కి 20 హార్స్‌పవర్ కిట్టు అంటున్నాడు, నమ్మి డబ్బు ఇవ్వకండి

పేరు రాయను. పాత యమహా బండ్ల వీడియోలు చూసేవాళ్ళకు ఆ మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. కంపెనీ 11 హార్స్‌పవర్‌తో ఇచ్చిన ఇంజన్‌ను 20కి తెస్తానంటాడు. లేత్ మీద గీసిన హెడ్డు (సిలిండర్ మీది మూత), గాలిలో పెట్రోలు కలిపే 20 మిల్లీమీటర్ల పాత కార్బురేటరు స్థానంలో 28ది, బిగింపుతో కలిపి 14,000 రూపాయలు తీసుకున్నాడు. జెట్టు, అంటే కార్బురేటరులో పెట్రోలు ఎంత వెళ్ళాలో నిర్ణయించే చిన్న రంధ్రం ముక్క, మార్చావా అని డబ్బు ఇచ్చేముందే అడిగాను. "మార్చాను సార్, ప్లగ్గు రంగు కూడా నేనే చూశాను" అన్నాడు.

హైవే మీద నాలుగో గేరులో ఉండగా పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కాను కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. నా వెనకే లారీ వస్తోంది.

వేరే మెకానిక్ దగ్గర విప్పించాను. పిస్టన్ తల కరిగి చిల్లు పడింది. ప్లగ్గు సుద్దముక్కలా తెల్లగా ఉంది, అంటే పెట్రోలు చాలక ఇంజన్ కాలిపోయిందన్నమాట. కార్బురేటరు పెట్టె తెచ్చి చూస్తే విడి జెట్ల పొట్లం సీలు కూడా విప్పకుండా అందులోనే ఉంది. మార్చానన్న జెట్టు అదే!

ఆ పొట్లం తీసుకుని దుకాణానికి వెళ్ళాను. బల్ల మీద పెట్టి, ఇదేమిటని అడిగాను. దాని వైపు చూడనైనా చూడలేదు. "నా కిట్టులో తప్పు లేదు, నీకు బండి నడపడం రాదు" అన్నాడు. డబ్బు చేతిలో పడేదాకా సార్ అన్న మనిషి, నలుగురి ముందు అన్న మాట ఇది. పక్కన ఇరవై ఏళ్ళు కూడా నిండినట్టు లేని అబ్బాయి ఒకడు ఇదే కిట్టుకు డబ్బు లెక్కపెడుతున్నాడు. నా డబ్బు పోయినందుకు వచ్చిన కోపం కంటే ఆ అబ్బాయిని చూసి వచ్చిన భయమే ఎక్కువ. వద్దని చెప్పాను. వాడు నమ్మాడో లేదో తెలియదు.

ఆ హెడ్డులో సిరంజితో ఆయిల్ పోసి కొలిచాం, 7 సీసీ పట్టింది. ఇంజన్ 98 సీసీ. 98కి 7 కలిపి 7తో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి, అంటే లోపలి గాలీ పెట్రోలూ ఎన్ని రెట్లు నొక్కుకుంటాయో ఆ లెక్క, 15. అదే 10 సీసీ ఖాళీ ఉంటే 10.8 వచ్చేది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు కనుక హెడ్డు ఒక్క మిల్లీమీటరు గీసినా 2 సీసీ దాకా పోతుంది. గీయడం ఎంత సున్నితమైన పనో దీన్నిబట్టే చూడండి. ఇంత నొక్కితే మామూలు పెట్రోలు వేడికి తట్టుకోలేక, మంట సక్రమంగా వ్యాపించకముందే తానుగా అంటుకుంటుంది. ఆ దెబ్బలన్నీ పిస్టన్ తల మీదే.

పోనీ లాభమైనా అంత ఉందా? పుస్తకంలోని ఆదర్శ లెక్కలోనే నిష్పత్తిని 10 నుంచి 12కి పెంచితే సామర్థ్యం 5 శాతం కూడా పెరగదు. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో అసలు బలం పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) కోతలో, సైలెన్సర్ ఆకారంలో ఉంటుంది. అవి అలాగే ఉంచి 28 కార్బురేటరు పెడితే గొట్టం వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, లోపలికి వెళ్ళే గాలి మాత్రం రెట్టింపు కాదు. తక్కువ వేగంలో గాలి మందగించి పెట్రోలును సరిగా లాగలేదు. అందుకే సిగ్నల్ దగ్గర బండి ముక్కుతూ కదిలేది. పై వేగంలో సరైన జెట్టు లేకపోతే పెట్రోలు చాలదు. ఇప్పుడు పంపుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి, కార్బురేటరు దాన్ని తానుగా సర్దుకోలేదు. ఎక్కువ కంప్రెషన్, తక్కువ పెట్రోలు, రెండూ కలిశాయి. ఇంజన్‌ను చంపడానికి ఇంకేం కావాలి?

బ్లాక్ బోరింగ్, ఓవర్‌సైజు పిస్టన్, పాత సైజు కార్బురేటరు. ఇప్పుడు ఖర్చంతా నాదే.

ఎవరి దగ్గరైనా సరే ఇలాంటి పని చేయిస్తే, హెడ్డు ఖాళీ ఎన్ని సీసీలో మీ ఎదుటే కొలిపించండి. జెట్టు నంబరు కాగితం మీద రాయించుకోండి. బండిని గట్టిగా నడిపించి, ప్లగ్గు విప్పించి మీరే చూడండి. ఇవి అడిగినందుకు విసుక్కునేవాడి చేతికి మాత్రం తాళం ఇవ్వకండి.